ఒక బాస్కెట్‌బాల్ ఆటగాని జీవితము – మన పిల్లలు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ప్రతి సంవత్సరమూ ఈ సభలో విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించడం, నేను హాజరు పట్టీ, పదవ తరగతి ఫలితాలు, ఆడపిల్లల చదువు అని మూడు సంగతులు చెప్పి దిగిపోవడం ఆనవాయితీగా జరుగుతున్నది. ఈసారి ఆయన, "మాస్టారూ, పిల్లలు విసుక్కోకుండా ఏదైనా ఆటల గురించి చెప్పండి" అన్నారు. నేను ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఆటల మాస్టారిని కాను. చిన్నప్పుడు కబడ్డీలో కూతకు పోయిన ప్రతిసారీ పట్టుబడి వచ్చిన చరిత్ర నాది. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే ఒక ఆటగాని కథ చాలాకాలంగా నా మనసులో మెదులుతున్నది. ఆ కథ పక్కనే నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. రెండూ కలిపి ఈనాడు మీ ముందు పెట్టదలచుకున్నాను.

ఆ ఆటగాని పేరు మహమూద్ అబ్దుల్ రవూఫ్. అమెరికా దేశస్థుడు. వృత్తిగా బాస్కెట్‌బాల్ ఆడినవాడు. జట్టులో ఆయన స్థానము గార్డు.

గార్డు అంటే ఎవరు?

ముందుగా ఆట సంగతి చెబుతాను. ఈ ఆటను కనిపెట్టినవాడు కూడా ఒక మాస్టారే. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్లో, చలికాలం బయట ఆడుకోలేక విసిగిపోయిన విద్యార్థుల కోసం జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు హాలుకు రెండువైపులా పండ్ల బుట్టలు కొట్టించి, బంతిని వాటిలో వేయమన్నాడు. అల్లరి పిల్లలను బెత్తంతో కాక బుట్టతో దారికి తెచ్చిన మహానుభావుడు. ఆనాడు ఆ బుట్టలను పది అడుగుల ఎత్తున కొట్టించాడు. ఈనాటికీ ఇనుప రింగు ఎత్తు పది అడుగులే.

జట్టుకు ఐదుగురు. రింగు దగ్గర కాచుకొని ఉండేవాళ్లు తాటిచెట్ల వంటి మనుషులు, ఏడడుగులవాళ్లు కూడా ఉంటారు. గార్డు వాళ్లలో పొట్టివాడు. గార్డు అనగానే మండీ గేటు దగ్గర కర్ర పట్టుకొని కూర్చునే వాచ్‌మన్ అనుకోకండి. బంతిని నేలకు కొడుతూ ఆ కొసనుంచి ఈ కొసకు తెచ్చేవాడు, ఎవరికి అందించాలో చూసేవాడు, సందు దొరికితే దూరం నుంచే రింగులో వేసేవాడు గార్డు. అమెరికా వృత్తి పోటీలలో బంతి చేతికి వచ్చిన 24 సెకండ్లలోపల రింగు మీదికి వేసేయాలి. మన పెండ్లిళ్లలో దేగ్ దగ్గర నిలబడి ఏ వరుసకు ఎంత పోవాలో, ఎవరి విస్తరిలో ఏమి తక్కువైందో కనిపెట్టే పెద్దమనిషి ఒకరుంటారు చూడండి. ఆయన లేకపోతే బిర్యానీ ఎంత బాగున్నా విందు గందరగోళమే. గార్డు పని దాదాపు అదే.

అబ్దుల్ రవూఫ్ ఎత్తు ఆరడుగుల ఒక అంగుళము. మన బజారులో నడిస్తే పొడగరి. ఆ మైదానంలో మాత్రం పొట్టివాడే. పొట్టివాళ్లంటే చిన్నచూపు లోకంలో ఎక్కడైనా ఉండవచ్చును గాని పుంగనూరులో ఉండకూడదు. మన ఊరి పేరు పెట్టుకున్న ఆవు మూడడుగులకు అటూ ఇటూ ఉంటుంది. దాని పాలలోని వెన్న ముందు పెద్ద పెద్ద జాతుల ఆవులు నిలవలేవు గదా!

గల్ఫ్‌పోర్ట్ పిల్లవాడు

ఆయన 1969 మార్చి 9వ తేదీన అమెరికా దక్షిణాన మిసిసిపీ రాష్ట్రంలో, సముద్రపు ఒడ్డున ఉన్న గల్ఫ్‌పోర్ట్ అనే ఊళ్లో ఒక పేద నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. అప్పటి పేరు క్రిస్ జాక్సన్. తండ్రి ఎవరో తెలియకుండా పెరిగాడు. తల్లి ఒక్కతే ముగ్గురు కొడుకులను సాకింది. ఇంట్లో ఒక్కొక్క రోజు కడుపునిండా తిండి కూడా ఉండేది కాదు.

ఈ పిల్లవాడికి ఒక బాధ ఉండేది. కండ్లు ఊరికే టపటపా ఆర్పేవాడు. తల ఒక పక్కకు విసిరేవాడు. గొంతులోనుంచి ఏవో శబ్దాలు వచ్చేవి. బూటు లేసు కట్టుకుంటే ఒకసారితో అయ్యేది కాదు. విప్పి మళ్లీ కట్టాలి, మనసుకు సరిపడేదాకా మళ్లీ మళ్లీ కట్టాలి. చదువులో వెనుకబడ్డాడు. దీనికి ఒక పేరున్నదని డాక్టరు చెప్పేనాటికి అతనికి 17 ఏండ్లు. అంటే బడిలో ఉన్న కాలమంతా ఆ పిల్లవాడికి తనకేమైందో తెలియదు, తల్లికి తెలియదు, మాస్టర్లకు తెలియదు.

అతను ఒంటరిగా బంతి పట్టుకొని గంటల తరబడి సాధన చేసేవాడు. బంతి రింగులో పడితే చాలదు. ఇనుముకు తగలకుండా, వల మాత్రమే కదిలేటట్లు పడాలి. అట్లా వరుసగా తాను అనుకున్నన్ని పడాలి. ఒక్కటి తప్పితే మళ్లీ మొదటినుంచి. అవి పూర్తికాకుండా ఇంటికి పోలేకపోయేవాడు. చూసేవాళ్లు అబ్బా, ఏం పట్టుదల అనుకునేవారు. అది పట్టుదల ఒక్కటే కాదు. బూటు లేసును మళ్లీ మళ్లీ కట్టించిన బాధే ఇక్కడ బంతిని మళ్లీ మళ్లీ వేయించింది. బడిలో నవ్వులపాలు చేసిన గుణమే మైదానంలో అన్నం పెట్టింది.

ఆ బాధ పేరు

దాని పేరు టురెట్ సిండ్రోమ్. 1885లో జిల్ ద లా టురెట్ అనే ఫ్రెంచి డాక్టరు తొమ్మిదిమంది రోగులను గురించి రాసినందువలన ఆయన పేరు వచ్చింది. మనిషి తలచుకోకుండానే వచ్చే ఈ కదలికలను, శబ్దాలను డాక్టర్లు టిక్స్ అంటారు. కండ్లార్పడం, మెడ విదిలించడం, భుజం ఎగరేయడం, ముక్కు చీదడం, గొంతు సవరించినట్లు చప్పుడు చేయడం, ఇవన్నీ అందులోవే. సాధారణంగా ఐదు మొదలు ఏడేండ్ల వయసులో, అంటే సరిగ్గా బడికి వచ్చే వయసులో బయటపడతాయి. ఆడపిల్లలకంటే మగపిల్లలలో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కదలికలు, శబ్దాలు రెండూ ఏడాదికి పైబడి ఉంటే డాక్టర్లు ఈ పేరు పెడతారు.

ఇది అంటుజబ్బు కాదు. తెలివితక్కువతనం కాదు. పెంపకంలో లోపం కాదు. మెదడులో కదలికలను అదుపు చేసే భాగాల పనిలో తేడా. తుమ్ము వచ్చేటప్పుడు ముక్కు మూసుకొని కాసేపు ఆపగలం గదా, ఆ తరువాత అది మరింత గట్టిగా వస్తుంది. ఇదీ అట్లాంటిదే. "ఆపు, ఆపు" అంటే ఎక్కువవుతుంది. భయం, సిగ్గు, అలసట ఉంటే ఎక్కువవుతుంది. నిద్రలో చాలావరకు తగ్గుతుంది. మనసు పెట్టి ఒక పనిలో మునిగినప్పుడు తగ్గుతుంది. చాలామందికి వయసు వచ్చేకొద్దీ తీవ్రత కూడా తగ్గుతుంది. కొందరికి ఏ మందూ అక్కరలేదు. కావలసినవారికి అభ్యాసాలున్నాయి, మందులున్నాయి.

మన ఇండ్లలో ఇట్లాంటి పిల్లవాణ్ణి చూస్తే నజర్ తగిలిందంటాము, జిన్ను పట్టిందంటాము, తావీజు కడతాము. దువా చేయించండి, నేను వద్దనను. కాని దువాతోబాటు దవా కూడా అని మన పెద్దలే చెప్పినారు.

నా తరగతిలో

ఇప్పుడు నా సంగతి. ఇప్పటికి పదహారేండ్లయింది. నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలు. నాలుగవ తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. తండ్రి మదనపల్లె టమోటా మండీలో హమాలీ. తల్లి ఇంట్లో మిషన్ కుట్టేది. పిల్లవాడు చేతిరాతలో మంచివాడు. నేను ఇమ్లా చెబుతూంటే తరగతి నిశ్శబ్దంగా ఉన్నప్పుడు సరిగ్గా వాడి గొంతులోనుంచి ఒక చప్పుడు వచ్చేది. వెంటనే మెడ విదిలించేవాడు. పిల్లలు నవ్వేవారు. వాడు కావాలని నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. పిల్లలు ఆ చప్పుడును బట్టి వాడికొక పేరు పెట్టినారు. ఆ పేరుతో ఒకటి రెండుసార్లు నేను కూడా పిలిచినాను. మాస్టరు పిలిచిన తరువాత ఇక ఆ పేరుకు రాజముద్ర పడినట్లే.

ఒకనాడు పై అధికారి తనిఖీకి వచ్చినారు. ఆయన ఎదుట కూడా అదే చప్పుడు. ఆయన ఏమీ అనలేదు. కాని నాకు అవమానమనిపించింది. ఆయన జీపు గేటు దాటిన తరువాత వాణ్ణి నిలబెట్టి అరచేతుల మీద కొట్టినాను. కొడుతున్నంతసేపూ వాడి చప్పుడు ఎక్కువైంది గాని తగ్గలేదు. తగ్గకపోవడం మొండితనమనుకున్నాను. ఇంకా కొట్టినాను. భయం పెరిగితే అది పెరుగుతుందని ఇప్పుడు తెలుసు. అంటే ఆ పూట రోగాన్ని పెంచింది నా బెత్తమే.

2009 విద్యాహక్కు చట్టము 17వ సెక్షను పిల్లలను కొట్టరాదు, మానసికంగా వేధించరాదు అని స్పష్టంగా చెబుతున్నది. చట్టం అప్పటికే వచ్చింది. నా చేతిలోకి రాలేదు, అంతే.

మరునాడు తల్లి వచ్చింది. బురఖా కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "సార్, వాడు నిద్రబోతే ఏమీ చేయడు సార్. మేలుకోనుంటే వాడి చేతిలో లేదు" అన్నది. ఆ తల్లికి చదువు లేదు. డాక్టర్లు పుస్తకంలో రాసిన లక్షణాన్ని ఆమె రాత్రిళ్లు కొడుకు పక్కన కూర్చొని కనిపెట్టింది. ట్రైనింగ్ చేసిన నేను ఏమన్నానో తెలుసా? "అయితే ఇంట్లోనే పెట్టుకోమ్మా" అన్నాను.

ఆ సోమవారం నుంచి వాడు బడికి రాలేదు. రిజిస్టరులో కొన్నాళ్లు గైరుహాజరు వేసి, పిమ్మట ఎర్రసిరాతో గీత కొట్టినాను. మాట నాది, గీత కూడా నాదే.

మైదానంలో ఆట

గల్ఫ్‌పోర్ట్ పిల్లవాడి దగ్గరికి మళ్లీ వస్తాను. అతనికి బంతి దొరికింది, బంతిని చూసిన పెద్దలు దొరికినారు. 1988లో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో చేరినాడు. అక్కడి కోచ్ డేల్ బ్రౌన్. మొదటి సంవత్సరమే మ్యాచికి సగటున 30.2 పాయింట్లు సాధించినాడు. కాలేజీలో కొత్తగా చేరిన పిల్లవాడు ఒకే మ్యాచిలో 55 పాయింట్లు వేసినాడు. రెండవ సంవత్సరము అదే జట్టులోకి వచ్చిన ఏడడుగుల కుర్రవాడు షకీల్ ఓనీల్. తరువాత లోకమంతా ఎరిగిన పేరు అది.

1990లో, కాలేజీ రెండేండ్లకే ఆపి, తల్లిని పేదరికం నుంచి బయటికి తేవాలని వృత్తి పోటీలకు పోయినాడు. అక్కడ జట్లన్నీ వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటాయి. దేశమంతటిలో మూడవవాడుగా డెన్వర్ నగరపు జట్టు ఇతణ్ణి ఎంచుకున్నది. మొదటి రెండేండ్లు అనుకున్నట్లు ఆడలేకపోయినాడు. కూర్చోబెట్టినారు. పత్రికలు విమర్శించినాయి. 1992–93 పోటీలలో ఎంత మెరుగైనాడంటే, ఆ సంవత్సరం అందరికంటే ఎక్కువ అభివృద్ధి చూపిన ఆటగాడన్న బహుమతి అతనికే ఇచ్చినారు. మొదటిసారి తప్పినవాణ్ణి కొట్టివేయకూడదని పరీక్షల కాలంలో మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇది.

ఈ మధ్యకాలంలోనే, 1991లో, ఆయన ఇస్లాం స్వీకరించినాడు. కాలేజీ కోచ్ చదవమని ఇచ్చిన మాల్కం ఎక్స్ ఆత్మకథ ఆయన ఆలోచనకు దారి తెరిచింది. 1993లో పేరు మార్చుకున్నాడు. మహమూద్ అంటే ప్రశంసింపబడినవాడు. అబ్దుల్ రవూఫ్ అంటే మిక్కిలి దయగలవాని దాసుడు. చిన్ననాడు ఎవరెవరో పెట్టిన ఎగతాళి పేర్లు విన్న మనిషి పెద్దయి ఏరి కోరి పెట్టుకున్న పేరు అది.

1993–94లో ఆయన చేసిన ఘనకార్యం ఒకటి చెబుతాను, పిల్లలు వినండి. ఎదుటి జట్టు తప్పుగా అడ్డుకుంటే ఫ్రీ త్రో అని అవకాశమిస్తారు. రింగు బిగించిన పలక ముందు 15 అడుగుల దూరంలో గీత ఉంటుంది. అక్కడ ఒంటరిగా నిలబడి వేయాలి. ఎవరూ అడ్డురారు. కాని పరాయి ఊరైతే వేలమంది ప్రేక్షకులు తప్పిపోవాలని అరుస్తారు, చేతులు ఊపుతారు. ఆ సంవత్సరము ఆయన అట్లా 229 సార్లు వేసినాడు. 219 పడినాయి. అంటే నూటికి 95.6. అప్పటి రికార్డు 1980–81లో కాల్విన్ మర్ఫీ సాధించిన 95.8. మరొక్కటి పడివుంటే అదీ దాటిపోయేది. భుజము, మెడ, కన్ను తన మాట వినని మనిషి, అంత గోలలో, చేతిని మాత్రం ఇంత గురిగా నడిపినాడు. ఏకాగ్రతలో టిక్స్ తగ్గుతాయని చెప్పినాను గదా. ఆ పనేదో ప్రతి పిల్లవానికీ ఒకటుంటుంది. దానిని కనిపెట్టడమే మన పని.

1995 డిసెంబరులో యూటా జట్టు మీద ఒక్క మ్యాచిలో 51 పాయింట్లు వేసినాడు. 1996 ఫిబ్రవరిలో మైకేల్ జోర్డాన్ ఉన్న షికాగో జట్టును డెన్వర్ ఓడించిన మ్యాచిలో ఈయనవి 32 పాయింట్లు. ఆ సంవత్సరం షికాగో 82 మ్యాచులలో ఓడినవి పదే. ఆ పదిలో ఒకటి ఇది.

1996 మార్చి

అంత ఉచ్చదశలో ఉన్నప్పుడే ఆయన జీవితం మలుపు తిరిగింది. ఆటకు ముందు అమెరికా జాతీయగీతం వాయించేటప్పుడు ఆ సంవత్సరం ఆయన నిలబడడం మానుకున్నాడు. నల్లజాతివారు పడిన బాధల దృష్ట్యా ఆ జెండా తనకు అణచివేతకు కూడా గుర్తుగా కనబడుతున్నదన్నాడు. దేశంలో పెద్ద దుమారం లేచింది. 1996 మార్చి 12న ఆయనను జీతం లేకుండా ఆటనుంచి నిలిపివేసినారు. ఒక్క మ్యాచికి పోయిన జీతమే 31 వేల డాలర్లకు పైబడి ఉన్నది. రెండు మూడు రోజులలో రాజీ కుదిరింది. ఆయన లేచి నిలబడతాడు, తల వంచి తనలో తాను దువా చేసుకుంటాడు. మార్చి 15న అట్లాగే చేసినాడు.

ఆయన చేసినది సరియా కాదా అన్నది ఆ దేశంలోనే ముస్లిములు కూడా ఒక్క మాట మీద లేరు. నిలబడడంలో దోషం లేదన్నవారు ఆయన తోటి ఆటగాళ్లలోనే ఉన్నారు. ఆ చరిత్ర, ఆ గాయాలు వారివి. మన సంగతి మనది. మన బడిలో ప్రతి ఉదయం జనగణమన పాడుతాము. పక్కనే మదనపల్లె బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు గారు బసచేసి, ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చారని మన పిల్లలకు చెప్పేటప్పుడు నా గొంతులో గర్వం ఉంటుంది. కనుక ఆయన నిలబడకపోవడం మన పిల్లలకు పాఠమని నేను చెప్పడం లేదు.

నేను చూసేది మరొకటి. ఆయన మనసులోని మాటను దాచలేదు. దానికి ఇవ్వవలసిన మూల్యం ఎంతో తెలిసిన తరువాత కూడా తప్పించుకోలేదు. పెద్దలు మధ్యలోకి వచ్చి ఒక మార్గం చూపితే మొండికేయలేదు, ఇద్దరికీ గౌరవం మిగిలే దారిని ఒప్పుకున్నాడు. అయినా మూల్యం చెల్లించవలసే వచ్చింది. ఆ వేసవిలోనే డెన్వర్ ఆయనను శాక్రమెంటో జట్టుకు పంపివేసింది. అక్కడ ఆడే అవకాశం తగ్గిపోయింది. 1998లో, 29 ఏండ్ల వయసులో, అమెరికాలో ఆయనకు చోటు లేకుండా పోయింది.

ఆట మానలేదు

అక్కడితో ఇంటికి పోయి కూర్చోలేదు. టర్కీలో ఆడినాడు. 2000–01లో ఒక్క సంవత్సరము వాంకూవర్ జట్టుకు ఆడే అవకాశం వచ్చింది. పిమ్మట రష్యా, ఇటలీ, గ్రీసు, సౌదీ అరేబియా, జపాను. గల్ఫుకు పోయిన మన అన్నదమ్ములకు ఈ బ్రతుకు తెలుసు. ఊరు మారుతుంది, భాష మారుతుంది, తిండి మారుతుంది, చేతిలో పని మాత్రం అదే. 2001లో మిసిసిపీలో ఆయన కట్టుకున్న ఇల్లు తగలబడిపోయింది. 2011 దాకా జపానులో ఆడినాడు, అంటే 40 దాటిన తరువాత కూడా. 2017లో, 48 ఏండ్ల వయసులో, ముగ్గురేసి ఆడే కొత్త పోటీలలో మళ్లీ బంతి పట్టుకున్నాడు. 2020లో ఆయన చదివిన యూనివర్సిటీ ఆయన వేసుకున్న 35 నెంబరును గౌరవంగా ఆయనకే మిగిల్చి, ఇక ఎవరికీ ఇవ్వమని ప్రకటించింది. మెచ్చుకోవడం కొంత ఆలస్యమైంది గాని, జరిగింది.

పదహారేండ్ల తరువాత

మా అన్న కొడుకు ఒకనాటి రాత్రి సెల్‌ఫోనులో ఈయన ఆట చూపించి, "చిన్నాన్నా, ఈయన చెయ్యి చూడు" అన్నాడు. నేను చెయ్యి చూడలేదు. ఆట మధ్యలో ఆయన మెడ విదిలించినాడు. కండ్లు ఆర్పినాడు. నాకు చలి పుట్టినట్లయింది. ఆ కదలిక నాకు తెలుసు. నాలుగవ తరగతి, కిటికీ పక్కన రెండవ వరుస. ఆ రాత్రి ఆ ఆటగాణ్ణి గురించి, ఆ జబ్బును గురించి దొరికినంతా చదివినాను. ఫజర్ అజాన్ వినిపించేదాకా నిద్ర పట్టలేదు.

వాణ్ణి వెతకడానికి వారం పట్టింది. పక్క ఊరిలో మోటారు సైకిళ్ల షెడ్డు. ఇరవై ఐదేండ్లవాడైనాడు, గడ్డం పెంచినాడు. నన్ను చూసి లేచి, చేతులు గుడ్డతో తుడుచుకొని, సలాం చేసి, స్టూలు వేసినాడు. మాట్లాడుతూంటే మెడ ఒకటి రెండుసార్లు కదిలింది, చప్పుడు సన్నగా వచ్చింది. చేతిలో వంకరపోయిన చక్రం ఒకటున్నది. "ఒక్క నిమిషం సార్, ఇది ఇచ్చేయాల" అని, చక్రం తిప్పుతూ ఒక్కొక్క స్పోకు బిగిస్తూ వదులుచేస్తూ కూర్చున్నాడు. పావుగంట సేపు మెడ కదలలేదు, గొంతు పలకలేదు. ఊళ్లో అందరికంటే రింగు బెండు బాగా తీసేది వీడేనని పక్క షాపతను చెప్పినాడు. అందరూ చాలు అన్న తరువాత కూడా ఇంకా తిప్పి చూస్తాడట.

నేను చేసిన తప్పు చెప్పుకున్నాను. జబ్బు పేరు కాగితం మీద రాసి ఇచ్చినాను. ఉర్దూలో రాసినాను. వాడు మెల్లగా కూడబలుక్కుని చదువుకున్నాడు. నాలుగవ తరగతితో ఆగిన చదువు అది. కాగితం మడిచి జేబులో పెట్టుకొని, నన్ను నిష్ఠూరమాడుతాడని నేను తల వంచుకొని ఉంటే, దగ్గరికి వచ్చి మెల్లగా ఒక్క మాటే అన్నాడు: "సార్, ఆ పేరు ఇక్కడ ఎవురికీ తెలీదు. చెప్పద్దండి."

అయ్యా, అందుకే ఆ పేరు నేను ఈ సభలో చెప్పలేదు. అతని అసలు పేరు, ఊరు కూడా చెప్పను. ఈ సంగతి చెప్పడానికి మాత్రం అతని అనుమతి తీసుకున్నాను. "ఇంగొక పిల్లోడికి పనికొస్తే చెప్పండి" అన్నాడు.

మనవి

కనుక ఆ ఇంకొక పిల్లవాని కోసం మూడు మనవులు.

మొదటిది, నా వంటి ఉపాధ్యాయులకు. పిల్లవాడు కండ్లార్పుతున్నా, మెడ విదిలిస్తున్నా, గొంతు చప్పుడు చేస్తున్నా చెయ్యెత్తకముందు వారం రోజులు ఊరకే గమనించండి. తల్లిని పిలిచి, నిద్రలో ఎట్లా ఉంటాడని అడగండి. ఆ చప్పుడు విననట్లు ఉండడమే తరగతిలో మొదటి వైద్యం. ఇతర పిల్లలు నవ్వితే, అది వాడి చేతిలో లేదని ఒక్కసారి వివరించండి, పిల్లలు మనకంటే త్వరగా అర్థం చేసుకుంటారు. మారుపేరు పెట్టకండి, పెట్టనివ్వకండి.

రెండవది, తల్లిదండ్రులకు. సిగ్గుపడి దాచకండి. ముందు మన ఊరి డాక్టరుకు చూపించండి. అవసరమైతే తిరుపతి స్విమ్స్ ఉన్నది, బెంగుళూరు నిమ్‌హాన్స్ ఉన్నది. పెండ్లి సంబంధాలకు అడ్డమవుతుందని ఆడపిల్లల విషయంలో మరీ దాచుతారు. దాచినందువలన జబ్బు పోదు, పిల్ల మనసు మాత్రం కుంగిపోతుంది.

మూడవది, మన సంఘానికి. ప్రతి ఏడూ మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులిస్తున్నాము, చాలా మంచిది. దానితోబాటు, ఇట్లాంటి బాధలున్న పిల్లలను బెంగుళూరుకో తిరుపతికో తీసుకొని పోవడానికి బస్సు చార్జీలు, తోడుగా పోయే ఒక మనిషి, ఈ రెండూ సంఘము తరఫున ఏర్పాటు చేయవలెనని కోరుతున్నాను. తోడు మనిషిగా మొదటి పేరు నాదే రాసుకోండి. సెలవు రోజులలో వస్తాను.

మైదానంలో ఒక రింగు కూడా పెట్టిస్తే సంతోషం. అయితే పిల్లలకు నిజం చెప్పాలి. మన దేశంలో ఈ ఆట మీద బ్రతకడం ఇంకా కష్టమే. 2015లో హైదరాబాదు స్కై అనే జట్టుతో సహా ఒక వృత్తి లీగు మొదలై కొద్దికాలానికే ఆగిపోయింది. మన దేశపు పేరున్న గార్డు విశేష్ భృగువంశీని 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ జట్టు తీసుకున్నది, 2020లో అర్జున అవార్డు వచ్చింది. అయినా మన ఆటగాళ్లలో చాలామందికి అన్నం పెడుతున్నది రైల్వేలు, ప్రభుత్వ సంస్థల ఉద్యోగాలే. కనుక రింగు పెట్టేది అందరినీ అబ్దుల్ రవూఫ్‌లను చేయడానికి కాదు. సాయంత్రం పూట ఒక పిల్లవాని మనసు ఒక గంట కుదుటపడడానికి.

ప్రతి టురెట్ పిల్లవాడూ పెద్ద ఆటగాడు కాడు. కానక్కరలేదు. చక్రం వంకర తీసేవాడైనా చాలు, దర్జీ అయినా చాలు, మాస్టరైతే మరీ మంచిది. వాడు బడిలో ఉండాలి, వాడిని వాడి పేరుతో పిలవాలి. అంతే.

 బడులు తెరిచిన తరువాత నేను ఏ పిల్లవాని మీదనైనా చెయ్యెత్తినట్లు తెలిస్తే, వచ్చే ఏడు ఇదే వేదిక మీద నన్ను నిలబెట్టి అడగండి. ఖుదా హాఫిజ్.